అమావాస్య వెళ్ళాక కడుదువుగానిలే

పోయినవారం నా కోడలు నాగదుర్గను దేవుడి గూటి ముందు నిలబెట్టి వచ్చాను కదా, చేతిలో పసుపు మరకల కాగితంతో. అక్కడికే వెళదాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, మిగిలినవాళ్ళు ఓపిక పట్టండి.

నా పేరు చౌడేశ్వరమ్మ. గవర్నర్‌పేటలో కింద మా చీరల కొట్టు, పైన మా ఇల్లు. సరుకంతా సింగ్‌నగర్ గోడౌన్‌లో ఉండేది. బుడమేరు వాగు పొంగిన ఆదివారం తెల్లవారుతూనే నా కొడుకు దుర్గాశంకర్ "గోడౌన్ చూసొస్తానమ్మా" అని స్కూటర్ తీశాడు. కాఫీ కూడా తాగలేదు. అప్పటికే అక్కడ నిలువెత్తు నీళ్ళు. మూడో రోజున పడవలో తెచ్చారు వాణ్ణి. నేను చెప్పబోయేది పదిహేడో రోజు సంగతి.

ఆ మధ్యాహ్నం డాబా మీద గోడౌన్ చీరలు ఆరేసి ఉన్నాయి. ఆరేస్తే మాత్రం ఏమొస్తుంది! జరీ నల్లబడిపోయింది, అంచు ఎరుపు తెల్లటి నేతలోకి దిగిపోయింది. బీమావాళ్ళు వచ్చి చూసేదాకా తడిసిన సరుకు పారేయకూడదని ఎవరో చెప్పారు, అందుకని ఉంచాం. ఇల్లంతా బురద వాసన. పెరుగన్నం కలుపుకున్నా ఆ వాసనే. గాలి వేసినప్పుడల్లా ఏదో ఒక చీర ఉబ్బి, దాని వెనక మనిషి నిలబడినట్టు భుజాలు తేలేవి. నేను అటు చూడడం మానేశాను. కళ్ళు మూసుకోవచ్చు గానీ చెవులనేం చేస్తాం? రోజూ రెండుంబావు అయ్యేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. శంకర్ భోజనానికి పైకి వచ్చే వేళ అది. నాలుగు మెట్లు ఎక్కి ఆగేవాడు, కింద కొట్టువైపు ఒకసారి చూసుకుని మళ్ళీ ఎక్కేవాడు. ఆ ఆగడం కూడా అలాగే వినపడేది నాకు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏ డాక్టరు దగ్గరికో తిప్పుతారు, ఉన్న కష్టం చాలక నాగదుర్గకు అదొకటి.

"దీన్ని ఎప్పుడైనా చదివారా అత్తయ్యా?" అంది నాగదుర్గ, చేతిలో కాగితం చూపిస్తూ.

"నాకేం చదువొచ్చు తల్లీ! సంతకం పెట్టడం తప్ప. మీ మామయ్య ఉన్నప్పటి నుంచీ బీమా కాగితం రాగానే నాలుగు మూలలా పసుపు రాసి అమ్మవారి పటం వెనక పెడతాం. మళ్ళీ ఏడాది కొత్తది వచ్చాక పాతది తీస్తాం."

"మనం చదవక్కర్లేదు, అమ్మవారు చదువుకుంటుందనా?"

ఇంకోరోజైతే ఆ మాటకు నవ్వేదాన్ని. ఆ పిల్ల నోరు మొదటి నుంచీ అంతే, పచ్చిమిరపకాయ.

మనవరాలు ప్రత్యూష కాగితం అందుకుంది. బీకాం రెండో ఏడు చదువుతోంది. తండ్రి చొక్కా ఒకటి వేసుకుని తిరుగుతోంది పదిరోజులుగా, ఎవరు చెప్పినా విప్పదు. "ఇది ఒక్క పాలసీ కాదు నానమ్మా, మూడు కలిపి కట్టిన మూట," అంది. "సరుకు కాలినా మునిగినా ఒకటి. కొట్టు యజమానికి ప్రమాదం జరిగితే ఒకటి. పనివాళ్ళకు జరిగితే ఇంకోటి. అన్నిటికీ కలిపి ఏడాదికి పద్దెనిమిది వేల నాలుగొందలు."

"రోజుకు యాభై రూపాయలు," అంది నాగదుర్గ. "నీ కాలేజీ క్యాంటీన్ ఖర్చంత."

"రెండు సమోసాలు, ఒక టీ," అంది ప్రత్యూష. అని, పెదవి కొరుక్కుంది.

"ఆగస్టు ముప్పై ఒకటి అర్ధరాత్రితో సరి. చూడు, ఇక్కడే ఉంది. నీళ్ళు వచ్చింది ఒకటో తారీఖు తెల్లవారుజామున. నాలుగు గంటల తేడాలో సరుకూ లేదు, మీ నాన్నా లేడు, రెంటికీ బీమా లేదు." నాగదుర్గ గోడకు చేరగిలబడింది. "ఆ మనిషికి అన్నీ రేపే కదే! గ్యాసు బుక్ చేయమంటే రేపు. బాత్‌రూమ్ బల్బు రేపు. నా పన్ను పీకించడానికి మూడు నెలలు రేపు రేపని తిప్పాడు. రోజుకు యాభై రూపాయల పనికి కూడా రేపేనా? మనల్ని రోడ్డున పడేసి తాను మాత్రం..."

"నాన్నను ఏమీ అనకమ్మా."

"అంటాను. నేను కాక ఎవరంటారు? వచ్చే నెల మగ్గాలవాళ్ళు బాకీలకు వచ్చి కూర్చుంటారు. కొట్టు అమ్ముకోవడమే. నీ చదువు కూడా..." ఆ మాట పూర్తిచేయలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను చాప మీద కూర్చుని నేల చూస్తున్నాను. పదిహేడు రోజులుగా ఆ మాట నా గొంతు దాకా వచ్చి ఆగుతోంది. చెబితే ఈ పిల్ల మళ్ళీ నా చేతి అన్నం తింటుందా? నాకీ ఇల్లు తప్ప ఎక్కడుంది? చెప్పకపోతే, పోయినవాడి నెత్తిన నా తప్పు ఉండిపోతుంది. వాడి కూతురు 'మా నాన్న నిర్లక్ష్యం మనిషి' అనుకుంటూ బతుకుతుంది. వాడు నిర్లక్ష్యం మనిషి కాడు. వాణ్ణి ఆపింది నేను.

మా నేత ఇళ్ళల్లో అమావాస్యనాడు మగ్గం గుంటలో కాలు పెట్టరు. అది అందరికీ ఉన్నదే. మా అత్తగారు దాన్ని ఇంకాస్త పెంచింది. బహుళ త్రయోదశి తగిలిందంటే డబ్బు గడప దాటకూడదు, కొత్త కాగితం మీద సంతకం పడకూడదు అనేది. ఆవిడ పోయాక ఆ పెత్తనం నాది. నీళ్ళు రాకముందు గురువారం శంకర్ అన్నం తింటూ, "అమ్మా, శనివారంతో బీమా అయిపోతోంది, రేపు కట్టేస్తాను" అన్నాడు. నేను మజ్జిగ పోస్తూ వేళ్ళు మడిచాను. "రేపు శుక్రవారం, లక్ష్మిని బయటికి పంపకూడదు. శనివారం త్రయోదశి. ఆదివారం చతుర్దశి. సోమవారం అమావాస్య. మంగళవారం ఎలాగూ మంగళవారమే. బుధవారం మంచిది. అమావాస్య వెళ్ళాక కడుదువుగానిలే. నాలుగు రోజులకు కొంపేం మునిగిపోదు."

వాడు తలెత్తి నన్ను చూసి నవ్వాడు. సరేనమ్మా అన్నాడు. వాడు నా మాట ఎప్పుడు కాదన్నాడు గనక.

ఆ నవ్వే నన్ను తినేస్తున్నది. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు, పువ్వులు గుచ్చేటప్పుడు, ఎప్పుడంటే అప్పుడు మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆ ముఖం వచ్చి నవ్వుతుంది. బీమా లేదని తెలుసు కాబట్టే వాడు ఆ సరుకు కోసం నీళ్ళలో దిగాడు. ఇందులో నాకేమీ అనుమానం లేదు.

గడియారం రెండుంబావు చూపించింది.

మెట్ల మీద చప్పుడైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. మళ్ళీ ఎక్కుతోంది.

నేను కదల్లేదు. రోజూ వినేదే. అయితే ఆ రోజు ప్రత్యూష కాగితం మీది నుంచి తలెత్తింది. నాగదుర్గ కొంగు వదిలేసి ద్వారం వైపు తిరిగింది. "ఇవి... ఆయన..." అంది.

వాళ్ళకూ వినపడుతోంది! ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ద్వారం వైపే చూస్తున్నాం. చప్పుడు వరండాలోకి వచ్చింది, ద్వారం దగ్గర ఆగింది, దగ్గింది.

"అమ్మగారూ! నేనండీ. రామకోటేశ్వరరావును."

బీమా ఏజెంటు. పెనమలూరు రైతు కుటుంబం వాళ్ళది. బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసు పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా మా కాగితాలు చూస్తున్నాడు. లావాటి మనిషి, సగానికి సగం చిక్కిపోయాడు. కుడి పాదానికి ఇంత కట్టు. ఆ కాలు నొప్పికే ఆగి ఆగి ఎక్కాడన్నమాట.

ప్రత్యూష వెళ్ళి కుర్చీ లాగింది. నాగదుర్గ గోడ పట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. అది తేలికపడడమో, మరోసారి పోగొట్టుకోవడమో నాకు తెలియదు. నాకైతే రెండోదే.

"ఆ రోజు మా అక్కయ్యా వాళ్ళను బయటికి తెద్దామని నీళ్ళలో దిగానమ్మా. కాలికి ఇనుప చువ్వ గుచ్చుకుంది. చీము పట్టింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలోనే. ఫోను ఎక్కడుందో కూడా తెలియదు. మొన్ననే మా అబ్బాయి చెప్పాడు శంకర్‌గారి సంగతి." తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎలాంటి మనిషి! ఏం చెప్పాలో తెలియడం లేదమ్మా."

"చెప్పాల్సినప్పుడు చెప్పలేదు కదండీ," అంది నాగదుర్గ. మర్యాద గొంతే, కింద నిప్పు. "ఒక్క ఫోన్ చేసి గుర్తుచేసి ఉంటే మీ సొమ్మేం పోయేది? ఏటా క్యాలెండర్ ఇవ్వడానికి మాత్రం ఠంచనుగా వస్తారు."

"అదేనమ్మా, ఆ విషయమే..."

"ఆయనకు ఎలాగూ ఒళ్ళు తెలియదు. మీకైనా..."

"ఆగు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఏజెంటు ఏదో చెప్పబోయాడు. "మీరూ ఆగండి బాబూ. ఇప్పుడు ఆపితే ఇంక చెప్పలేను." చాప మీది నుంచి లేవబోయాను, మోకాళ్ళు సహకరించలేదు. కూర్చునే చెప్పాను. గురువారం సంగతి, మజ్జిగ, వేళ్ళు మడవడం, శుక్రవారం నుంచి బుధవారం దాకా ఒక్కొక్క రోజూ. అన్న మాట అన్నట్టు చెప్పాను. "వాడు కడతానన్నాడు. నేనే వద్దన్నాను. మీ నాన్న తప్పేం లేదే ప్రత్యూషా. నాదే."

నాగదుర్గ నన్ను తిడుతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. అదేమీ చేయలేదు. నా ఎదుటికి వచ్చి గొంతుక్కూర్చుంది, చంటిపిల్లతో మాట్లాడేటప్పుడు కూర్చుంటామే, అలా.

"పదిహేడు రోజులు అత్తయ్యా."

"అవునమ్మా."

"పొద్దున లేస్తూనే తిట్టాను ఆయన్ని. పటానికి దండ వేస్తూ తిట్టాను. కర్మ రోజున పిండాలు పెడుతుంటే కూడా లోపల తిట్టుకున్నాను. మీరు పక్కనే కూర్చుని విన్నారు. పోయిన మొగుణ్ణి నా చేత ఇన్ని తిట్లు తిట్టించారా?"

డబ్బు గురించి ఒక్క మాట అనలేదు చూడండి. కొట్టు గురించీ అనలేదు. చేయి చాచాను. వెనక్కి జరిగింది.

అప్పుడు రామకోటేశ్వరరావు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "అమ్మా, నన్ను ఒక్క ముక్క చెప్పనివ్వండి. ఆయన కట్టారు."

"ఏం కట్టారు?"

"బీమా. శనివారం సాయంత్రం నాలుగూ పదికి, ఫోన్‌లో. ఆదివారం సున్నా గంటల నుంచి కొత్త పాలసీ అమల్లో ఉంది." తన కొత్త ఫోను తీసి ప్రత్యూష చేతిలో పెట్టాడు. "కాగితం ఆయన మెయిల్‌కు వచ్చింది. ఆయన ఫోను నీళ్ళలో పోయింది కదా, మీకెలా తెలుస్తుంది? మా అబ్బాయి చేత కంపెనీకి నిన్ననే కబురు పెట్టించాను."

ప్రత్యూష చదివింది. పైకీ కిందికీ రెండుసార్లు చదివింది. "నిజమేనమ్మా. నాన్న పేరే. ముప్పై ఒకటి, నాలుగూ పది."

"నాతో ఏమన్నారో తెలుసా పెద్దమ్మగారూ?" ఆయన నా వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వుతున్నాడు కూడా. "'అమ్మకు చెప్పకండి రావుగారూ, త్రయోదశి అని బాధపడుతుంది. బుధవారం మీరు ఇంటికొచ్చి కూర్చోండి. ఆమె ఎదురుగా మీకు ఒక వంద పంపిస్తాను, అప్పుడే కట్టినట్టు. ఆ వంద మళ్ళీ నాకు తిరిగి పంపేయండి, ఏజెంట్లను నమ్మలేం' అన్నారు."

నాగదుర్గ నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో చెప్పలేను. నేల మీదే కూలబడి, రెండు చేతులా ముఖం కప్పుకుని, "ఆయనే. ఆయనే అంటాడు ఇలాంటివి," అంది. ప్రత్యూష వెళ్ళి తల్లిని పట్టుకుంది.

ఏజెంటు ఊరుకోకుండా లెక్క చెప్పాడు. సరుకు యాభై లక్షలది ఉంటే శంకర్ ముప్పై లక్షలకే బీమా చేయించాడట, ప్రీమియం తగ్గుతుందని. అలా తక్కువకు చేయిస్తే నష్టం కూడా ఆ వంతునే ఇస్తారట. రూపాయి పోతే అరవై పైసలు. "ముప్పై లక్షలకు ఉంది కదా, నష్టం ముప్పైలోపు ఉంటే మొత్తం వస్తుంది కదా?" అని ప్రత్యూష అడిగింది. రాదట. అందరూ అక్కడే దెబ్బతింటారట. ఆరు గజాల చీర కట్టాల్సిన చోట నాలుగు గజాలు చుట్టుకుంటే ఎక్కడో ఒకచోట ఒళ్ళు బయటపడాల్సిందే కదా అనుకున్నాను. సరే, అరవై పైసలైనా వస్తాయి. కొట్టు నిలబడుతుంది. పిల్ల చదువు ఆగదు. శంకర్ ప్రమాద బీమా పదిహేను లక్షలు వేరే.

ఇదంతా వింటుంటే ఒక్క ఊపిరి సేపు, ఒక్క ఊపిరే, నా గుండెల మీది బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టు అయింది. నా మాట వల్ల కాదు. వాడు నా మాట వినలేదు. బంగారు తండ్రి, మొదటిసారి నా మాట వినలేదు.

ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది.

"కోటేశ్వరరావుగారూ," అన్నాను. "సరుకుకు బీమా ఉందని వాడికి తెలుసు. కట్టింది వాడే. మరి ఆ చీరల కోసం పీకల్లోతు నీళ్ళలో ఎందుకు దిగాడు?"

ఏజెంటు ముఖంలో నవ్వు పోయింది. కట్టు కట్టిన కాలు సర్దుకున్నాడు. తువాలు మడతపెట్టాడు, విప్పాడు. "అది చెప్పడానికే నేనే స్వయంగా వచ్చానమ్మా. లేకపోతే మా అబ్బాయిని పంపేవాణ్ణి." ప్రత్యూషతో, "అమ్మాయ్, కిందికి జరుపు. పనివాళ్ళ పేర్లు ఉంటాయి చూడు," అన్నాడు. "ఇదివరకు ముగ్గురే ఉండేవాళ్ళు. శనివారం నాలుగో పేరు చేర్చమన్నారు. ఏడాదికి ఇంకో ఆరొందలు అవుతుందంటే, అవనీ అన్నారు."

ప్రత్యూష గట్టిగా చదివింది. "రావమ్మ. భర్త పేరు కీర్తిశేషులు అంతోని. వయసు యాభై ఎనిమిది. గోడౌన్ కాపలా."

"కాపలానా?" నాగదుర్గ ముఖం తుడుచుకుంటూ లేచింది. "మా గోడౌన్‌కు కాపలా మనిషి ఎవరున్నారండీ? రాత్రిళ్ళు తాళం వేసుకుని రావడమే కదా."

"ఆరేళ్ళుగా ఉందమ్మా. గోడౌన్ వెనక రేకుల గదిలో. శంకర్‌గారు ఇంట్లో చెప్పవద్దన్నారు."

"ఎందుకు చెప్పవద్దన్నారు?"

ఆయన నాగదుర్గ వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

రావమ్మ. ముప్పై రెండేళ్ళుగా ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. నా మనసులో కూడా నేను పలకలేదు, అంత జాగ్రత్తగా దాటుకుంటూ వచ్చాను.

అప్పట్లో మేం పెడనలో ఉండేవాళ్ళం. ఇంటి వెనక అద్దకం షెడ్డు. అంతోని అందులో నూలుకు రంగు వేసేవాడు. మోచేతుల దాకా ఎప్పుడూ నీలం. ఒక వానాకాలం, తడి నేల మీద నిలబడి నీటి మోటారు మీట వేయబోతే కరెంటు పట్టుకుంది. అక్కడికక్కడే. ఆ మోటారు వైరు తొక్క ఊడిందని వాడు రెండుసార్లు చెప్పాడు మాకు. పండగ వెళ్ళాక కొత్తది వేయిద్దామని నేనే అన్నాను. పనిలో ఉండగా పోతే యజమాని పరిహారం ఇవ్వాలని, కేసవుతుందని ఎవరో భయపెట్టారు. మా ఆయన చేతులు వణుకుతున్నాయి. నా చేతులు వణకలేదు. ఒక కాగితం రాయించాను. అంతోని మా పనివాడు కాదు, తాగి మా దొడ్లోకి వచ్చి మోటారు పట్టుకున్నాడు అని. వాడు జన్మలో తాగలేదు. రావమ్మకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. చదువు రాదు. రెండు చీరలు, బస్తా బియ్యం ఇచ్చి, ఇది అంత్యక్రియల ఖర్చుల కాగితమని చెప్పి వేలిముద్ర వేయించాను. సిరా ప్యాడు పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే శంకర్‌ను పిలిచాను. వాడికి పదిహేనేళ్ళు. కాగితం చదివాడు. నా ముఖం చూశాడు. ప్యాడు పట్టుకున్నాడు.

"ఎవరత్తయ్యా ఈ రావమ్మ?" నాగదుర్గ అడుగుతోంది. "మీకు తెలుసు. మీ ముఖం చూస్తే తెలుస్తోంది."

"ఆమె... ఉందా?" అని ఏజెంటును అడిగాను.

"ఉందమ్మా. శంకర్‌గారు వెళ్ళేసరికి గది తలుపు నీళ్ళ ఒత్తిడికి బిగుసుకుపోయిందట. పగలగొట్టి ఆమెను పక్కింటి రేకుల మీదికి ఎక్కించారట. తాను ఎక్కబోతుంటే కాలు దేనిలోనో ఇరుక్కుంది. ఆమె పైనుంచి ఆయన చేయి పట్టుకుని కూర్చుందట, ముప్పావు గంట. నీళ్ళు ఇంకా పెరిగాయి." ఆయన తువాలు భుజాన వేసుకున్నాడు. "చేయి నేను వదల్లేదు, జారిపోయింది అంటుంది. నాకు అదే మాట ఇరవైసార్లు చెప్పింది."

నాగదుర్గ తన కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుంది. ఎందుకలా పట్టుకుందో తనకు కూడా తెలియదనుకుంటాను.

"ప్రమాద బీమాకు కంపెనీవాళ్ళు కళ్ళతో చూసినవాళ్ళ వాఙ్మూలం అడుగుతారమ్మా. ఆయన ఎలా పోయారో చెప్పగలిగింది ఈమె ఒక్కతే. అందుకే తీసుకొచ్చాను. కింద ఆటోలో ఉంది. రమ్మంటే రాలేదు. పెద్దమ్మగారు కిందికి వచ్చి పిలిస్తే చూద్దాం అంది."

నేను లేచాను. నాగదుర్గ చేయి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాను. కొట్టు షట్టరు సగం మూసి ఉంది. దాని ముందు ఆటో, వెనక సీట్లో ముడుచుకుని ఒక ముసలామె. తెల్లజుట్టు, రెండు మోచేతుల మీదా రేకు చీరిన గాయాలు. ఈమె ముసలిది కావడమేమిటి, దీనికి ఇరవై ఆరేళ్ళు కదా అనిపించింది ఒక్క క్షణం.

"రావమ్మా," అన్నాను. "పైకి రా."

కళ్ళెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"మీరు పెద్దవాళ్ళయిపోయారు పెద్దమ్మగారూ," అంది. "శంకరబాబు చెప్తా ఉండేవాడు, అమ్మకు మోకాళ్ళ నొప్పులని."

"రా. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలు నాకెందుకండీ. ఆ బాబు కోసం ఎన్ని వేలిముద్రలు కావాలన్నా ఏస్తాను. ఇప్పుడే ఏస్తాను. అయితే ముందు మీరు ఒకటి రాయించి సంతకం పెట్టండి. అంతోని మీ పనోడేనని. తాగి రాలేదని. ఆ రోజు నా చేత ముద్ర ఏయించిన కాగితం అబద్ధమని. ఈ రావుగారి ముందు, మీ ఇంటోళ్ళందరి ముందు పెట్టండి. నా మొగుడు ముప్పై రెండేళ్ళుగా తాగుబోతుగానే ఉన్నాడండీ ఆ కాగితంలో."

ఏజెంటు నా వెనకే దిగివచ్చినట్టున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, ఇవ్వాలో వద్దో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. నేను చేయి చాచాను. వేళ్ళకు పెన్ను తగిలింది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

"ఏ కాగితం అత్తయ్యా?" అంది నాగదుర్గ.